ఉద్దానం నుంచి కాశీబుగ్గకు ఒక సాక్షిని తీసుకెళ్ళిన రోజు

ఫిబ్రవరి 11, బుధవారం. నాలుగున్నరకు లేచాను. వాకిలి కడిగి ముగ్గు వేశాను. మోటారు వేసి తొట్టి నింపాను. రెండు పూటలకూ సరిపడా అన్నం, వంకాయ కూర, చారు చేసి మూతలు పెట్టాను. ఆయన ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించాను. ఉతికిన బట్టలు ఆరేయడం ఒక్కటే మిగిలింది. ఆ పని ఆయనకు అప్పజెప్పి, చేతిసంచిలో నీళ్ళ సీసా, ఆధార్ కార్డు, కొన్ని ఫోటోలున్న కవరు, వెయ్యి రూపాయలకు చిల్లర పెట్టుకుని ఆరింటికి టెక్కలి బస్టాండుకు బయల్దేరాను.

ఉద్దానం తీరానికి ఎలా వెళ్ళాలి, ఎంత ఖర్చవుతుంది అని నా బ్లాగు చదివేవాళ్ళు చాలాసార్లు అడిగారు. దారీ ఖర్చూ ఇందులో ఉన్నాయి. అయితే నేను వెళ్ళింది సముద్రం కోసం కాదు. మా ఇంటికి పదిహేనేళ్ళుగా జీడిపప్పు తెచ్చే మనిషి ఒకామె ఉంది. పలాసలో ఉంటుంది, జీడి పరిశ్రమలో పప్పు మీద పొట్టు తీసే పని. వారానికొకసారి టెక్కలి వచ్చి బద్దలూ ముక్కలూ ఇళ్ళకు అమ్ముకుంటుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. పలాస వీధుల్లో అందరూ బెంగాలమ్మ అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఆమె పుట్టింది ఒడిశాలో ఒక కాందిశీకుల కాలనీలో. దేశం రెండైన తర్వాత తల్లిదండ్రులు అవతలి వైపు నుంచి కట్టుబట్టలతో వస్తే, ప్రభుత్వమే అడవి కొట్టించి, భూమి ఇచ్చి అక్కడ కూర్చోబెట్టింది. పెళ్ళయ్యాక భర్తతో జీడి పనికి పలాస వచ్చింది. ఆ భర్త కిడ్నీలు పాడై పోయాడు. పిల్లలు లేరు.

పోయిన వానాకాలంలో ఎవరో అర్జీ పెట్టారట, బస్తీలో బయటి దేశం వాళ్ళు ఉన్నారని. ఎవరు పెట్టారో తెలియదు. విచారణ మొదలైంది. బెంగాలమ్మ ఆధార్ కార్డు తీసుకుని రసీదు ఇచ్చారు. పుట్టిన చోటు కాగితాలు తేవాలి, లేదంటే ఈ ప్రాంతం మనిషి ఒకరు వచ్చి ఆమె గురించి సాక్ష్యం చెప్పాలి అన్నారు. ఒడిశాలో ఉన్న అన్నకు ఫోన్ చేస్తే, ఆ గొడవ మా కాలనీ మీదికి తేవద్దని పెట్టేశాడట. నేను చెబుతానంటే, టెక్కలి వేరే డివిజన్, అక్కడి వాళ్ళ సాక్ష్యం పనికిరాదన్నారు. బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆఖరి వాయిదా. అది దాటితే ఆమె పేరు పరాయి దేశస్థుల జాబితాలోకి పోతుంది, ఆ తర్వాత ఎక్కడికి పంపుతారో చెప్పేవాళ్ళు లేరు. తీరంలో ఆమెకు ఒక నేస్తం ఉంది. ఆ నేస్తాన్ని తీసుకొచ్చి నిలబెట్టాలి. "నాతో రా అక్కా" అంది నాతో. "నువ్వుంటే ఆఫీసోళ్ళు కుర్సీ సూపిత్తారు."

మా ఆయన వద్దనలేదు. మనకెందుకు అని ఒకసారి అన్నారు, తర్వాత పేపరు తిప్పుకున్నారు. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు రెండు నెలలు మధ్యాహ్నాలు బెంగాలమ్మ పలాస నుంచి వచ్చి పక్కన కూర్చుంది. అది ఆయనకూ గుర్తుండే ఉంటుంది.

టెక్కలి నుంచి పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గకు పొద్దున పూట బస్సులకు కొదవ లేదు, హైవే మీద గంట లోపే ప్రయాణం. మన రాష్ట్రం ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొడతారు. ఏడుంబావుకు దిగేసరికి బెంగాలమ్మ ఆర్టీసీ కాంప్లెక్సు బయట ఇడ్లీ బండి దగ్గర నిలబడి ఉంది. నలిగిపోకుండా దాచుకున్న నీలం చీర కట్టుకుంది. నేను నాలుగు ఇడ్లీలు తిన్నాను, ముప్ఫై రూపాయలు. ఆమె టీ మాత్రం తాగింది. అక్కడి నుంచి తీరం వైపు వెళ్ళే పల్లెవెలుగు ఏడూ నలభైకి. బస్సులో కండక్టరు నా కార్డు చూసి సున్నా టికెట్ ఇచ్చాడు. ఆమె రసీదు చూపించింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది కార్డు కాదమ్మా, డబ్బులియ్యి అన్నాడు. ముప్ఫై ఐదు రూపాయలు. నేను ఇవ్వబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపి, కొంగు ముడి విప్పి తనే ఇచ్చింది. ఆ టికెట్ ముక్కను మడిచి రసీదుతో పాటు దాచింది. ఎందుకు దాస్తున్నావంటే, రేపు ఎవరైనా అడిగితే ఈ బస్సు ఎక్కినట్టు ఉంటుంది కదా అంది.

కాశీబుగ్గ దాటాక రోడ్డుకు రెండు వైపులా జీడి తోటలే. ఇది పూత కాలం. కిటికీ తీస్తే ఆ వాసన ముఖానికి కొడుతుంది. తర్వాత కొబ్బరి, ఆ తర్వాత ఇసుక నేల, సరుగుడు. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఈ నెలలోనే రావాలి, ఎండ ఇంకా ముదరలేదు. దారిలో ప్రతి ఊరి మొదట్లోనూ ఇరవై లీటర్ల టిన్నులు దించే నీళ్ళ బండి కనిపిస్తుంది. ఇక్కడి బావి నీళ్ళంటే కిడ్నీలు పాడవుతాయని జనానికి భయం. మీరూ మీ నీళ్ళు తెచ్చుకోండి.

బస్సు దిగాక సముద్రపు ఒడ్డు పల్లెకు ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు. షేర్ ఆటోలు పొద్దున పూటే దొరుకుతాయి. మాకు తిరిగి రావాలి కాబట్టి రానూపోనూ, మధ్యలో ఆగడానికీ కలిపి ఐదు వందలకు ఒక ఆటో మాట్లాడుకున్నాను. ఆటో నడిపే రాంబాబుకు ముప్ఫై ఏళ్ళుంటాయి. మాటకారి. ఎక్కిన రెండు నిమిషాలకే బెంగాలమ్మను పిన్నీ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆమె మాటలో బెంగాలీ జాడ నాకు కూడా వినపడదు. ఈ పాతికేళ్ళలో ఈ ప్రాంతం మాటే ఆమె మాట అయిపోయింది.

"ఏ ఊరు పిన్నీ మనది?" అన్నాడు.

"పలాస."

"అనుకున్నాను. మాట ఇంటేనే తెలిసిపోద్ది మనోళ్ళని."

తర్వాత పలాస గురించే మాట్లాడాడు. అక్కడ జీడి బట్టీల దగ్గర బంగ్లా వాళ్ళు నిండిపోయారని, మన వాళ్ళ కూలి పడిపోయిందని, ఒక్కొక్కరినీ లెక్కపెట్టి తోలేస్తే గాని బాగుపడదని అన్నాడు. నువ్వు చూశావా వాళ్ళను అని నేను అడిగాను. చూడకపోవడమేమిటి, ఫోన్లో వీడియోలు వస్తున్నాయి కదా అన్నాడు. తన బావమరిది సంగతీ అతనే చెప్పాడు. వేటకెళ్ళిన బోటు ఇంజను చెడి, గాలికి కొట్టుకుపోయి అవతలి దేశం నీళ్ళలో తేలితే అక్కడివాళ్ళు పట్టుకున్నారట. నెలల తరబడి జైల్లో పెట్టారు. ఇక్కడ ఊరంతా ధర్నా చేసి విడిపించుకున్నారు. "సముద్రం మీద గీత కనబడతాదా పిన్నీ? పొట్టకూటికి ఎల్లినోడిని దొంగని ఎట్టినట్టు ఎట్టారు" అన్నాడు.

"అవును బాబూ" అంది బెంగాలమ్మ. "అన్నాయమే."

ఆమె ముఖం చూశాను. ఎగతాళి లేదు. నిజంగానే ఆ బావమరిది కోసం బాధపడింది.

పల్లె పేరు రాయను, వాళ్ళు వద్దన్నారు. ఊరికి ఈ చివర రెండు వరుసల పెంకుటిళ్ళను ఇప్పటికీ బర్మా కాలనీ అంటారు. అరవైల్లో రంగూన్ నుంచి ఓడల్లో తిరిగొచ్చిన కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన స్థలాలవి. ఇక్కడివాళ్ళు రంగూన్‌ను రంగం అంటారు. మేము వెతుక్కుంటూ వచ్చిన నీలమ్మ ఇల్లు ఆ వరుసలో మూడోది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఎండుచేపల గంప మోసి మోసి మెడ కొద్దిగా ముందుకు వంగింది. మమ్మల్ని చూడగానే అరుగు మీద చాప వేసి, బెంగాలమ్మ బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, "సిక్కిపోనావు నేస్తం" అంది. నా వైపు తిరిగి, "ఈ ఏడు సీర బాకీ నాది అమ్మగారూ, ఆ బెంగతోటే సిక్కిపోయింది మనిసి" అని నవ్వింది. బెంగాలమ్మ కూడా నవ్వింది. ఆ రోజు మొత్తంలో ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను.

నేస్తం కట్టడం అంటే తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఈ పల్లెల్లో ఇద్దరు ఆడవాళ్ళు గాని ఇద్దరు మగవాళ్ళు గాని అమ్మవారి సంబరంలో, అంటే జాతరలో, అందరి ఎదుటా, ఒకరి చేతికొకరు పసుపు దారం కట్టి, పువ్వు మార్చుకుంటే నేస్తం కట్టినట్టు. కులం వేరైనా, ఊరు వేరైనా ఫర్వాలేదు. ఆ క్షణం నుంచి వాళ్ళు తోబుట్టువులకన్నా ఎక్కువ. పెళ్ళిళ్ళకు పిలుపులుంటాయి. ఒకరు పోతే రెండోవాళ్ళు మైల పడతారు. ఏడాదికొకసారి సంబరం నాడు చీర పెట్టుకుంటారు. ఈ ఏడు ఒకరు పెడితే వచ్చే ఏడు రెండోవాళ్ళు పెట్టాలి. ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంకొకరికి బాకీ ఉండాలి. బాకీ ఉన్నంతకాలమే నేస్తం. నెలాఖరుకు ప్రతి లెక్కా సరిపెట్టే నాకు ఇది చాలా వింతగా అనిపించింది.

వీళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళ కిందట కట్టారు. నీలమ్మ ఎండుచేపలు పలాస తెచ్చి, చీకటి పడితే జీడి కూలీల వీధిలో బెంగాలమ్మ గదిలో పడుకునేది. అలా మొదలైంది. ఈ సంగతి చెబుతూ బెంగాలమ్మ మామూలుగా, వంట గురించి చెప్పినట్టు, "నేను పోతే మైల పట్టడానికి నేస్తమే గదక్కా ఉన్నాది" అంది.

నీలమ్మ చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, వేయించిన ఎండుచేప పెట్టింది. తింటూ నేను నా పని మొదలుపెట్టాను. సాక్ష్యంలో ఏమేమి అడగవచ్చో ముందే ఆలోచించి పెట్టుకున్నాను. ఎన్నేళ్ళ నుంచి తెలుసు, ఎక్కడ పరిచయం, ఆమె భర్త ఏం చేసేవాడు, ఎక్కడ చనిపోయాడు, నువ్వెప్పుడైనా ఆమె ఇంట్లో ఉన్నావా. ఒక్కొక్కటీ అడిగాను. తడబాటు లేకుండా చెప్పింది. సంబరం నాటి ఫోటో ఒకటి ఆమె పెట్టెలో ఉంటే దాన్నీ నా కవరులో పెట్టాను. ఊరి పెద్దలు ఎవరైనా వస్తారా అంటే తల అడ్డంగా ఊపింది. పోయిన వారం అడిగిందట. బయటి దేశం వాళ్ళ గొడవలో మన ఊరి పేరు పడకూడదని అన్నారట. ఆ మాట అన్న పెద్దాయన కూడా ఈ కాలనీవాడే, తల్లి కడుపులో ఉండి ఓడ దిగినవాడు.

"మా అమ్మ రంగంలో పుట్టింది అమ్మగారూ" అంది నీలమ్మ. "ఓడ దిగినాక కేంపులో అడిగారంట, మీదే ఊరు అని. మా అమ్మకి ఊరి పేరు కూడా నోరు తిరగలేదు. ఈ ఊరి పెద్ద ఒకాయన ఎల్లి, మా మనుసులే బాబూ, రాసుకోండి అన్నాడు. అంతకు ముందు మా అమ్మని ఆయన సూడనేదు. ఒక్క మాట. దాంతోటి జాగా ఇచ్చారు, కార్డు ఇచ్చారు. సచ్చిపోయేదాకా మా అమ్మని రంగం ముసల్దనే పిలిసారు గానీ, పొమ్మన్నోడు ఒక్కడూ నేడు."

పన్నెండున్నరకు నీలమ్మతో కలిసి ముగ్గురం బయల్దేరాం. రాంబాబు ఈలోగా టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు. మా పని ఏమిటో అక్కడ ఎవరో చెప్పినట్టున్నారు. ఆటో తీశాడు. అద్దం కొద్దిగా తిప్పుకున్నాడు. రోడ్డు మీద గోతులు వచ్చినప్పుడు పొద్దుటిలాగే జాగ్రత్తగా నడిపాడు. బేరం ఆడిన ఐదు వందలే తీసుకున్నాడు, రూపాయి ఎక్కువ అడగలేదు. కాని ఆ ఏడెనిమిది కిలోమీటర్లలో ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు బెంగాలమ్మ, "వొత్తాను బాబూ" అంది. అతను నా చేతిలో చిల్లర పెట్టి ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు. పిన్నీ అని పిలిచిన మనిషిలో మధ్యాహ్నానికి ఏం మారింది? ఆ చీరే, ఆ మాటే, ఆ ముఖమే. ఒక మాట ఎవరో అతని చెవిన వేశారు, అంతే.

రెండుంబావుకు కాశీబుగ్గ చేరాం. కార్యాలయం ఏదో రాయడం అనవసరం. బయట సిమెంటు బల్ల మీద గంటన్నర కూర్చున్నాం. పిలిచేసరికి నాలుగు కావొస్తోంది. బెంగాలమ్మ చెప్పినట్టే జరిగింది. లోపల నాకు కుర్చీ చూపించారు. నీలమ్మ బల్ల ముందు నిలబడింది. బెంగాలమ్మను గుమ్మం దగ్గర ఆగమన్నారు. అధికారి చిన్నవాడు, మా అక్క కొడుకంత వయసు. మర్యాదగా మాట్లాడాడు. పక్కన కంప్యూటరు మీద గుమాస్తా.

నీలమ్మ కార్డు చూసుకుని, ఆమె పేరూ ఊరూ రాయించాక, అధికారి గుమ్మం వైపు చూపించి అడిగాడు. "ఆవిడ పేరేమిటమ్మా?"

"నేస్తం బాబూ."

"అది కాదు. అసలు పేరు."

నీలమ్మ నా వైపు చూసింది. అప్పుడు తెలిసింది నాకు. ఎన్నో ప్రశ్నలు వేసి చదివించాను, మొట్టమొదట అడిగే ప్రశ్న వదిలేశాను. నేస్తం కట్టాక పేరు పెట్టి పిలవకూడదు. పిలవడమే కాదు, ఎవరి దగ్గరా నోట ఉచ్చరించకూడదు. పేరు నోట వస్తే నేస్తం తెగిపోయినట్టే. ఈ ఊళ్ళలో పుట్టి పెరిగిన నాకు అది తెలియక కాదు. పేరు అనేది సాక్ష్యంలోకి వస్తుందని తట్టలేదు. నేను చెప్పబోయాను. సాక్షే చెప్పాలమ్మా అని అతను చెయ్యి ఎత్తాడు. ఆచారం గురించి వివరించాను. శ్రద్ధగానే విన్నాడు. మాది విజయనగరం, మా అమ్మమ్మ వాళ్ళకూ ఉండేది ఇది అన్నాడు కూడా. కాని ఇరవై ఏళ్ళుగా తెలుసు అని చెప్పే మనిషి పేరు చెప్పకపోతే, పైన చూసేవాళ్ళు ఏమనుకుంటారు అని అడిగాడు. గుమాస్తా నవ్వుతూ, మొగుడి పేరు అడిగినట్టు సిగ్గుపడుతోందేమిటి అన్నాడు. మరి పేరు తెలియదని కొట్టమంటారా సార్ అని కీబోర్డు మీద వేళ్ళు పెట్టాడు.

గుమ్మం దగ్గర నుంచి బెంగాలమ్మ గొంతు వినిపించింది. "సెప్పీ నేస్తం. నాకేటీ అవ్వదు."

నీలమ్మ వెనక్కి తిరగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫ్యాను చప్పుడులో సరిగా వినపడక అతను మళ్ళీ అడిగాడు. రెండోసారి కొంగు తీసి చెప్పింది. మూడక్షరాల పేరు. గుమాస్తా కొట్టుకున్నాడు.

"సరే. ఈవిడ మీకు ఏమవుతుంది?"

నీలమ్మ కొంగు మళ్ళీ భుజాన వేసుకుంది. "ఇంతదాకా నేస్తం బాబూ" అంది.

అధికారి తెర మీదికి వంగి చూశాడు. అక్కడ తల్లి, తండ్రి, తోబుట్టువు, భర్త, అత్తమామలు అని వరుసలున్నాయి. చివర ఇతరులు. స్నేహితురాలు అని రాయనా అని అడిగాడు. రాయండి అంది. అప్పుడు అతను నాతో చెప్పాడు, నెమ్మదిగా, ఇబ్బంది పడుతూనే. రక్త సంబంధం గాని పెళ్ళి సంబంధం గాని ఉంటేనే దీన్ని సాక్ష్యంగా తీసుకుంటారట. స్నేహితులు, ఇరుగుపొరుగు చెప్పింది జతచేస్తారు కాని లెక్కలోకి రాదు. ఈ మాట పోయిన వాయిదాలోనే ఎందుకు చెప్పలేదని అడిగాను. స్థానికులు అన్నాం కదా, బంధువు అయ్యుంటుందనుకున్నాం అన్నాడు. సంబరం ఫోటో చూపించాను. ఇద్దరు ఆడవాళ్ళు, మెడల్లో బంతిపూలు, చేతులకు పసుపు దారాలు. చూసి, బాగుంది అని తిరిగి ఇచ్చేశాడు.

కాగితం మీద నీలమ్మ వేలిముద్ర తీసుకున్నారు. పైకి పంపిస్తాం అన్నారు. బయటికొచ్చాక గుమాస్తా వెనకే వచ్చి, ఇలాంటివి పైనుంచి ఎలా తిరిగొస్తాయో తనకు తెలుసని, నెల లోపల నోటీసు వస్తుందని, ఈలోగా గది ఖాళీ చేసి ఎక్కడికీ పోవద్దని, పోతే ఇంకా చెడ్డదని బెంగాలమ్మకు చెప్పాడు. ఎక్కడికి పోతాను బాబూ అంది ఆమె. అతను లోపలికి వెళ్ళిపోయాడు.

ముగ్గురం రోడ్డు మీదికి వచ్చాం. టీ తాగుదామన్నాను. ఇద్దరూ ముందుకే నడిచారు. బస్టాండుకు వెళ్ళే దారిలో బట్టల కొట్టు ఒకటి కనిపిస్తే నీలమ్మ ఆగింది. లోపలికి వెళ్ళింది. పావుగంట పట్టింది. నేను బేరానికి సాయం రానా అంటే వద్దంది. ముదురాకుపచ్చ నూలు చీర, ఎర్ర అంచు. చేపల డబ్బుల సంచి విప్పి కొంది. కొట్టు గుమ్మంలోనే బెంగాలమ్మ చేతిలో పెట్టింది.

"సంబరం రెండు నెలలుంది గదా" అంది బెంగాలమ్మ.

"బాకీ ఉంచుకోకూడదు. పేరు నోటంట వొచ్చీసినాక నీ బాకీ నా కాడ ఉంటే నీకు కీడు."

బెంగాలమ్మ చీర తీసుకుని, మడత విప్పకుండా రొమ్ముకు ఆనించుకుంది. నీలమ్మ బస్సు వచ్చింది. ఎక్కబోతూ ఆమె వెనక్కి తిరిగింది. ఏదో పిలవబోయింది. ఆ పిలుపు ఇక లేదు, పేరు పెట్టి పిలవడం ఇరవై ఏళ్ళుగా అలవాటు లేదు. నోరు తెరిచి, మూసుకుని, ఎక్కి కూర్చుంది. కండక్టరు ఆమె కార్డు చూసి సున్నా టికెట్ కొట్టడం కిటికీలోంచి కనిపించింది.

బెంగాలమ్మను ఆమె వీధి మొదటి దాకా దిగబెట్టాను. "ఇంక మైల పట్టీవోళ్ళు కూడా నేరు అక్కా" అంది. నేను పడతాను అనబోయాను. అనలేదు. మా ఇంట్లో ఒప్పుకోరని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆరుంబావు బస్సుకు టెక్కలి బయల్దేరాను, ఏడున్నరకు ఇంట్లో ఉన్నాను. బట్టలు ఆరేయలేదు. బకెట్లోనే ఉండి వాసన వేస్తుంటే మళ్ళీ జాడించాను.

బట్టలు జాడిస్తూ ఇదే ఆలోచించాను. నేస్తం అనేది మనుషులు అనుకున్నదే. ఇద్దరు చేతులు కలిపి, నలుగురు చూసి, ఇకనుంచి వీళ్ళు అక్కాచెల్లెళ్ళు అనుకుంటే ఇరవై ఏళ్ళు నిలిచింది. దేశం కూడా అలా అనుకున్నదే. ఒకప్పుడు ఓడ దిగిన వాళ్ళను చూసి మన వాళ్ళే అనుకున్నారు, స్థలాలు ఇచ్చారు. ఒడిశా అడవిలో ఆమె తల్లిదండ్రుల విషయంలోనూ అలాగే అనుకున్నారు. ఇప్పుడు అనుకోవడం లేదు. నేల మారలేదు, మనుషులూ మారలేదు, అనుకోవడం మారింది. దానికి ఆఫీసు ఉంది, ముద్ర ఉంది, రాంబాబు ఫోన్లో వీడియోలు ఉన్నాయి. పసుపు దారానికి అవేవీ లేవు. ఆ కుర్రవాడైన అధికారి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. అతను ఎవరినీ అవమానించలేదు. ఒక బంధం ఉందని రుజువు చూపించమన్నాడు, ఆ రుజువు చూపించడానికి వీళ్ళు ఆ బంధాన్ని తెంపుకున్నారు, తర్వాత అలాంటి బంధానికి తెర మీద చోటు లేదని తేలింది. ఆమెకు ఇక్కడ చట్టం ఒప్పుకునే మనిషి ఎలాగూ లేదు, మనసు ఒప్పుకునే మనిషి ఒకతె ఉండేది. పొద్దున ఆ పల్లెకు వెళ్ళకుండా ఉంటే కనీసం అదైనా మిగిలేది. నోటీసు వస్తుంది. దాని గురించి నాకు ఏ ఆశా లేదు, లేని ఆశ రాయడం నాకు చేతకాదు.

మీరు ఎవరికోసమైనా సాక్షిని వెంటబెట్టుకుని ఇలాంటి విచారణకు వెళ్ళాల్సి వస్తే ఒక్క పని చేయండి. ముందు మీరొక్కరే వెళ్ళి, ఏయే సంబంధాలను లెక్కలోకి తీసుకుంటారో అడిగి, కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాతే సాక్షి ఇంటికి బయల్దేరండి.

ఈ రోజు ఖర్చు: ఇడ్లీ ముప్ఫై, ఆటో ఐదు వందలు, నీళ్ళూ టీలూ కలిపి డెబ్భై. బస్సులు సున్నా.

నీలమ్మ చీర బాకీ: తీరిపోయింది.